దయలేని కోడి

చేరిన మొదటి రోజే, మా బాస్ ఎదురుగా నిలబడి, ఆ పిల్ల నన్ను "పాముల రాజు" అంది.

అదీ ఏ ఎగతాళిగానో అంటే సరిపెట్టుకునేవాణ్ణి. తల కాస్త వంచి, ఎంతో వినయంగా, "పాముల రాజుగారూ, నేను కొత్తదాన్ని. నన్ను కాస్త చూసుకోండి" అంది.

మా హాంగ్‌కాంగ్ ఆఫీసుల్లో పాముల రాజు అంటే, పని ఎగ్గొట్టి ఏ మూలో చుట్ట చుట్టుకుని పడుకునేవాడని అర్థం. బాస్ తామ్‌గారు కళ్ళజోడు పైకి తోసి నా వంక చూశారు. నేనప్పుడే మెట్లకింద గోనెసంచుల మీద నుంచి లేచి వచ్చాను. చొక్కాకి పీచు ఇంకా అంటుకునే ఉంది. ఇక నా తరఫున నేను మాత్రం ఏం చెప్పుకోను?

"ఆ మాట నీకెవరు నేర్పారమ్మా?" అన్నారు బాస్.

"ఫోంగ్ అక్క సార్. 'అదిగో మా పాముల రాజు వేంచేస్తున్నాడు' అంది. పదవేమో అనుకున్నాను."

లెక్కల బల్ల వెనక ఫోంగ్ అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వ్యాను డ్రైవరు బయటికి వెళ్ళి మరీ నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. ఈ రోజుల్లో ఇంత అమాయకులు ఎక్కడైనా ఉంటారా? ఏదో ఉంది అనుకున్నాను.

నాకీ అనుమానం మా అమ్మ నుంచి వచ్చింది. మా అమ్మ బజార్లో చేపలమ్ముతుంది. బేరమాడితే విసుక్కుంటుంది, బేరమాడకుండా కొంటే అనుమానిస్తుంది. ఆమె కడుపున పుట్టినవాణ్ణి, నేనెవరినైనా ఊరికే ఎలా నమ్ముతాను?

మాది యౌమాతే పేటలో, షాంఘై వీధిలో వంటసామాను టోకు కొట్టు. కింద కొట్టు, పైన ఆఫీసు. హోటళ్ళకి మూకుళ్ళు, గరిటెలు, వెదురు ఆవిరి బుట్టలు వేస్తాం. అమ్మకాలు చూసేది నేనొక్కణ్ణే. లౌ చాక్‌మన్ అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, 'బుట్టల చాక్' అంటే ఈ చుట్టుపక్కల ప్రతి వంటింట్లోనూ వెనక తలుపు తీస్తారు. మరి నేనుండగా ఇంకో అమ్మకాల మనిషి ఎందుకు? అదీ మా కాంటనీస్ భాష సగం సగం వచ్చిన ఉత్తరాది హార్బిన్ పిల్ల, ఈ మెంగ్ షుయాన్ ఎందుకు?

"చాక్, ఈ అమ్మాయికి మన మాటలు నేర్పు" అన్నారు బాస్. "పుస్తకాల్లో మాటలు కాదు. ఆఫీసుల్లో, వంటిళ్ళల్లో మనం వాడుకునే మాటలు. ఏడాది చివరి విందు లోపల గడగడా మాట్లాడాలి."

"నేనా సార్? నాకు తీరికెక్కడుంది?"

"పాములకి రాజువి. నీకు తీరిక లేకపోతే ఇంకెవరికుంటుందిరా?"

సాయంత్రం మెట్ల దగ్గర ఫోంగ్ అక్క నన్ను ఆపింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఫోంగ్ అక్క గొంతు తగ్గిస్తే ఎదుటి కొట్టుదాకానే వినిపిస్తుంది.

"ఒరే నాయనా, ఒక్క ముక్క అడుగుతాను. నీకు వచ్చినవన్నీ దానికీ వచ్చేశాక, ఇక నువ్వెందుకు?"

రాత్రి నాకు అన్నం సయించలేదు.

*

పాఠాలు మధ్యాహ్నం భోజనాల వేళ, వీధి మలుపులో టీ హోటల్లో. నాకు పాల టీ. ఆమెకి ఐసు వేసిన నిమ్మ టీ, వెన్న పెట్టిన పైనాపిల్ బన్ను. బయట చలిగాలికి మేమంతా దూది కోట్లలో దూరి కూర్చుంటే, ఆ పిల్ల పొట్టిచేతుల చొక్కాతో ఐసు నములుతుంది.

"నీకు చలి వెయ్యదా?"

"ఇది చలా? దీన్ని మా ఊళ్ళో వసంతం అంటారు గురువుగారూ."

గురువుగారట! ఆ పిలుపులో ఎగతాళి ఉందా, గౌరవం ఉందా అని నేను వెతికేలోపే ఆమె చెంపమీద సొట్ట పడేది. ఆ సొట్టని కూడా నేను అనుమానించాను. అవసరమైనప్పుడే పడుతోందేమోనని.

"స్క్విడ్ వేయించారు అంటే ఏమిటి?"

"ఉద్యోగం ఊడింది అని."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"స్క్విడ్ ముక్క వేడి మూకుట్లో పడగానే చుట్టుకుపోతుందా లేదా? పాత రోజుల్లో పనివాళ్ళు కొట్లోనే పడుకునేవాళ్ళు. పొమ్మంటే పక్క చుట్టుకుని పోవడమే."

"అయ్యో పాపం" అని, ఆ పాపం మనిషి మీదో స్క్విడ్ మీదో చెప్పకుండా బన్ను కొరికింది. "ఉద్యోగం పోవడానికి ఇదొక్కటే మాటా? ఇంకా ఉన్నాయా?"

చూశారా? మొదటి పాఠంలో ఎవరైనా అడిగే ప్రశ్నేనా ఇది?

"ఇంకోటుంది. చెప్పను."

"ఎందుకని?"

"ఏడాది చివరి విందు అయ్యేదాకా జీతగాడనేవాడు ఆ మాట నోటెంట రానివ్వడు. అంటే తగులుకుంటుంది."

"అబ్బో, గురువుగారికి ఈ నమ్మకాలు కూడానా!"

"కొత్త సంవత్సరం వెళ్ళాక అడుగు. అప్పుడు చెబుతాను."

"అప్పటికి నేనుంటానో లేదో" అంది, గ్లాసులో ఐసు తిప్పుతూ.

నాకైతే అది 'అప్పటికి నువ్వుంటావో లేదో' అన్నట్టే వినిపించింది. అనుమానం చెవిలో కూర్చుంటే అంతే మరి.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. పిల్ల చురుకైనది. పై అధికారిని కాకాపట్టడాన్ని బూట్లు తుడవడం అంటామని, వెనకాల చాడీ చెప్పడాన్ని వీపు పొడవడం అంటామని, రమ్మని చెప్పి రాకపోతే విమానం వదిలాడంటామని, గంటల తరబడి ఫోన్లో మాట్లాడితే ఫోను గంజి కాస్తున్నారంటామని, ప్రేమిస్తున్నానని చెప్పి 'వద్దు' అనిపించుకుంటే నిమ్మకాయ తిన్నాడంటామని ఒక్కసారి చెబితే చాలు. మర్నాటికి ఎవరో ఒకరి మీద వాడేసేది.

ఒకసారి లాయ్ వంటమాస్టరు దగ్గరికి నాతో తీసుకెళ్ళాను. ఆయన మూకుడు కూడా ఆయన్ని చూసి భయపడుతుంది. మమ్మల్ని చూస్తూనే "మళ్ళీ బూట్లు తుడవడానికి వచ్చావురా చాక్!" అని అరిచాడు.

నేను నోరు తెరిచేలోపే షుయాన్ అందుకుంది. "మాస్టారూ, బూట్లు తుడిచేది ఈయన. నేను వచ్చింది మీ మూకుడు చూడటానికి. అడుగు పల్చబడిపోయింది, ఇంకో నెల వాడితే మీ నూడుల్స్ పొయ్యిలో పడతాయి."

లాయ్ మాస్టరు మూకుడు తిరగేసి చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, అక్కడికక్కడే కొత్త మూకుళ్ళు చెప్పాడు. నా చేతిమీదుగా ఆయన గరిటె కూడా కొన్న పాపాన పోలేదు!

తిరిగి వస్తుంటే వాన మొదలైంది. నా గొడుగు ఊచ విరిగి ఒక పక్కకి వాలింది. వాలిన పక్క నేనుండి, మంచి పక్క ఆమెకిచ్చాను. కాసేపటికి ఆమె గొడుగు కర్ర నా చేతుల్లోంచి లాక్కుని చకచకా తిప్పేసింది. ఈసారి వాలిన పక్క ఆమెకి వచ్చింది.

"తడుస్తున్నావు" అన్నాను.

"మీరు కోటు తడిపితే మీ అమ్మగారు తిడతారు. నాకు కోటే లేదుగా."

ఆమె భుజం మీద చినుకులు జారుతుంటే చూస్తూ నడిచాను. ఆ సాయంత్రం నాకు ఆ పిల్లంటే ఇష్టం కలిగింది. అప్పుడే ఇంకో ఆలోచనా వచ్చింది: నా ఖాతాదారులు కూడా నాలాగే పడిపోతే నా గతేం కాను?

*

అనుమానానికి మేత కూడా దొరుకుతూనే ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం షుయాన్ బాస్ గదిలోకి వెళ్ళేది. తలుపు మూసేవారు. లోపల ఏం జరుగుతోందో తెలిసేది కాదు. ఒకసారి బయటికి రాగానే అడిగేశాను.

"ఏం మాట్లాడుతున్నారు అంతసేపు?"

"ఏముంది, నీళ్ళు ఊదుతున్నాం."

నీళ్ళు ఊదడం అంటే ఊసుపోక కబుర్లు. నేను నేర్పిన మాటే నా మొహాన కొట్టి వెళ్ళిపోయింది.

ఇంతలో బుట్టల గొడవ వచ్చిపడింది. ఆ రోజు టీ హోటల్లో కూర్చుని నేను సరిహద్దు అవతల ఫోషాన్‌లో బుట్టలల్లే ఫ్యాక్టరీకి ఫోన్లో ఆర్డరు చెబుతున్నాను. అక్కడ ఆర్డర్లు రాసుకునేవాడు ఉత్తరాదివాడు, వాడిది మాండరిన్. నాది మాండరిన్ అని నేననుకునేది. ఎదురుగా షుయాన్ ఊరుకోదే.

"గురువుగారూ, చచ్చిన పిల్లిని తినడం అంటే?"

ఫోను చేత్తో మూసి చెప్పాను. "ఒకడి తప్పు ఇంకొకడి నెత్తిన పడితే, వాడు చచ్చిన పిల్లిని తిన్నాడంటాం."

"పచ్చిగానా, వండుకునా?"

నాకు ముక్కులోంచి టీ వచ్చింది. ఆ నవ్వులో ఫ్యాక్టరీవాడికి ఏ సైజు చెప్పానో ఆ దేవుడికే తెలియాలి. పదిరోజుల తర్వాత వ్యాను తలుపు తీస్తే, అరచేతిలో పట్టే దిమ్‌సమ్ చిరుతిళ్ళ బుట్టలకి బదులు, ఒక్కోదాంట్లో పసివాణ్ణి పడుకోబెట్టొచ్చు అన్నంత పెద్ద బుట్టలు దిగాయి. హోటలువాళ్ళు తిప్పి పంపేశారు. కొట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు.

నా పని అయిపోయిందనుకున్నాను. పైకి పిలుస్తారు, అరుస్తారు, స్క్విడ్ వేయిస్తారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎదురుచూశాను. బాస్ నన్ను పిలవలేదు. షుయాన్ మాత్రం పిలవకుండానే పైకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఎంతసేపటికో బయటికొచ్చి, నా వంక చూడకుండా మెట్లు దిగిపోయింది.

ఫోంగ్ అక్క వేరుశనక్కాయలు ఒలుస్తూ నా పక్కకి జరిగింది.

"లోపల నీ పేరు వినపడింది నాయనా."

"ఏమని?"

"పేరే వినపడింది. మిగతాది తలుపుకి చెవి ఆనిస్తే గానీ వినపడదు. నేనలాంటిదాన్నా?" అని, ఇంకో కాయ ఒలిచి, "ఆనించినా వినపడలేదులే" అంది.

ఇంకేం కావాలి? వీపు పొడిచింది. నా తప్పు మోసుకెళ్ళి బాస్ బల్లమీద పెట్టింది. నా ఉద్యోగంలో ఇక ఆమె కూర్చుంటుంది. తిట్టవలసిన మనిషి తిట్టకపోతే ఎంత భయమో నాకప్పుడే తెలిసింది.

మర్నాటి నుంచి టీ హోటలుకి వెళ్ళడం మానేశాను. అవతలి వీధిలో చేప ఉండల బండి దగ్గర నిలబడి తినేవాణ్ణి. రుచీ పచీ లేదు. ఒకరోజు కొట్లో పెద్ద బుట్టల గుట్ట మధ్య నన్ను నిలేసింది.

"గురువుగారూ, ఇవాళ కూడా విమానం వదిలారు. నేనక్కడ ఒక్కదాన్నే కూర్చుని రెండు టీలు తాగాను. మీకు నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. నీకు నేర్చుకోవలసింది ఇంకేం మిగల్లేదు, అంతే."

"ఒక మాట బాకీ ఉంది. కొత్త సంవత్సరం వెళ్ళాక చెబుతానన్నారు."

"అది నువ్వు నా దగ్గర నేర్చుకోనక్కర్లేదు. ఆయన దగ్గరే నేర్చుకోవచ్చు" అని పైకి చూపించాను.

ఆమె ముఖంలో సొట్ట మాయమైంది. బుట్టల మధ్య నుంచి ఒదిగి వెళ్ళిపోయింది. నాకు గెలిచినట్టుండాలి కదా? ఏడుపొచ్చింది.

*

ఏడాది చివరి విందు. ఆ చెప్పకూడని మాట ఇప్పుడు చెప్పాలి.

పాతకాలంలో ఈ విందులో బల్లమీదికి తలతో సహా కోడి వచ్చేది. పనివాళ్ళలో ఎవరినైనా వద్దనుకుంటే యజమాని నోరు విప్పేవాడు కాదు. కోడి తల వాడివైపు తిప్పేవాడు. లేదా తన చేత్తో ఒక ముక్క తీసి వాడి గిన్నెలో పెట్టేవాడు. తిను, పక్క చుట్టుకో, పో. దాన్నే దయలేని కోడి అంటాం. ఇప్పుడా పద్ధతి పోయిందంటారు. అయినా విందులో కోడి వచ్చిందంటే జీతగాళ్ళమంతా ముందు చూసేది దాని తల ఎటుందోననే.

మా కొట్టు మనుషులమంతా హోటలు మేడమీద ఒకే గుండ్రబల్ల చుట్టూ కూర్చున్నాం. బాస్‌కి కుడిభుజం పట్టేసి చెయ్యి లేవడం లేదు. అందుకని షుయాన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆమెచేత వడ్డిస్తున్నారు. "ఈ రొయ్య ఫోంగ్‌కి వెయ్యమ్మా. ఆ చేప డ్రైవరుకి." ఆయన అంటున్నారు, ఆమె వేస్తోంది. ఆయన కుడిచెయ్యి అయిపోయిందన్నమాట, నిజంగానే!

కోడి వచ్చింది. తల బాస్‌వైపే పెట్టారు. అందరం ఊపిరి వదిలాం.

అప్పుడు ఫోంగ్ అక్క పుట్టగొడుగుల కోసం బల్లమీది పళ్ళెం చక్రం తిప్పింది. కోడి తల కదిలింది. డ్రైవరు ముందు నుంచి వెళుతుంటే అతను కళ్ళు మూసుకున్నాడు. గోడౌను ముసలాయన టోపీ సర్దుకున్నాడు. చక్రం నెమ్మదించి, నెమ్మదించి, నా ఎదురుగా ఆగింది. కోడి నన్నే చూస్తోంది. ఫోంగ్ అక్క కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది.

"ఊరికే ఆగింది" అనుకున్నాను. చక్రమన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

బాస్ షుయాన్ చెవిలో ఏదో అన్నారు. ఆమె తలూపి, లేచి, చెయ్యి చాపి, కోడి కాలు ముక్క జాగ్రత్తగా తీసి, బల్ల ఈ చివరిదాకా వంగి, నా గిన్నెలో పెట్టింది.

"గురువుగారూ, తినండి."

పైగా నవ్వుతోంది! పోయిందనుకున్న సొట్ట కూడా తిరిగొచ్చింది.

డ్రైవరు నోట్లో నూడుల్స్ సగం లోపల, సగం బయట. బాస్ తలవంచుకుని ఎడంచేత్తో సూప్‌తో కుస్తీ పడుతున్నారు, నా వంక చూడటంలేదు.

నేను లేచి నిలబడ్డాను.

"బాస్, ఇన్నేళ్ళు అన్నం పెట్టారు. అర్థమైంది. వెళ్ళొస్తాను."

కోటు కుర్చీకే వదిలేసి మెట్లు దిగిపోయాను.

*

కింద వాన. పెద్దదేం కాదు, చలికాలపు సన్న వాన, ఎముకల్లో దూరేది. మూసేసిన మందుల కొట్టు రేకుకింద నిలబడ్డాను. ఇంటికి వెళ్ళి అమ్మకి ఏం చెప్పాలి? ఉద్యోగం పోయిందని చెప్పగలను. ఎవరి చేత్తో పోయిందో ఎలా చెప్పను? నిన్నటిదాకా ఆ పిల్ల గురించే చెబుతున్నానుగా ఇంట్లో.

"చాక్!"

రోడ్డుకి అవతల షుయాన్. గొడుగు లేదు. పొట్టిచేతుల చొక్కా. రెండు చేతుల్లో నా గిన్నె, అందులో కోడికాలు. ట్యాక్సీవాడు హారన్ కొడుతున్నా ఖాతరు చెయ్యకుండా దాటి వచ్చేసింది.

"ఏమైంది మీకు? తినకుండా లేచొచ్చేశారేం? ఇది కాలు ముక్క, అన్నిట్లోకీ మంచిది. ఎవరూ తీసుకోకుండా మీకోసం కనిపెట్టుకుని కూర్చున్నాను!"

"ఇంకా నటించక్కర్లేదు షుయాన్. ఆయన పెట్టమన్నాడు, నువ్వు పెట్టావు."

"ఆయనా? ఆయన నా చెవిలో 'ఆ సూప్ ఇటు జరుపు' అన్నారు. ముక్క పెట్టింది నేను!"

"దయలేని కోడి అంటే నిజంగా తెలియదా నీకు?"

"మీరు చెప్పందే నాకెలా తెలుస్తుంది?"

నిజమే. అన్నీ నేర్పి, ఆ ఒక్కటీ దాచింది నేనే. తగులుకుంటుందని భయపడి దాచాను. తీరా అది తగులుకుంది కూడా నాకే.

రెండు ముక్కల్లో చెప్పాను. తల తిప్పడం, ముక్క పెట్టడం, పక్క చుట్టుకోవడం. వింటున్నకొద్దీ ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. గిన్నెలోకి చూసింది, నా వంక చూసింది.

"అంటే అందరి ముందు మీ ఉద్యోగం నేను తీసేశానా?"

"ఎప్పటినుంచో తీస్తూనే ఉన్నావుగా. బుట్టల రోజు తలుపు మూసుకుని నా వీపు పొడిచినప్పుడే..."

అంతే. ఆ తర్వాత నన్ను మాట్లాడనివ్వలేదు.

"నేనా? వీపు పొడిచానా?" అంది. గౌరవం ఎగిరిపోయింది. "నీ బుర్ర ఉందా లేదా? ఆ రోజు వెళ్ళి తప్పు నాదే అని చెప్పుకున్నాను! నువ్వు ఫోన్లో సైజు చెబుతుంటే నవ్వించింది నేను. పిల్లి సగం నాది, అందుకే తిన్నాను. సగం నాదని మొత్తం తిన్నాను, నీకోసం! నా మూణ్ణెల్ల గడువు ఇవాళ్టితో సరి. మీ మాటలు రాకపోతే స్క్విడ్ అయ్యేది నువ్వు కాదు, నేను. శుక్రవారం శుక్రవారం ఆయన లోపల నాకు పరీక్ష పెడుతున్నాడు. నీకు తెలిస్తే జాలిపడి నేర్పుతావని చెప్పలేదు. నాకు నీ జాలి అక్కర్లేదు! ఇంత చేస్తే నువ్వేం చేశావు? రోజూ విమానాలు వదిలావు. ఒక్కరోజు ఫోను గంజి కాచావా? ఎవరి బూట్లూ తుడవని మనిషిని, ప్రతి మధ్యాహ్నం ఆ టీ హోటల్లో నీకోసం కుర్చీ తుడిచిపెట్టాను. బన్నంటే ఇష్టం ఉండి వచ్చాననుకున్నావా? నాకు ఆ బన్ను పడదు! ఇప్పుడు చెప్పు. నాకు నిమ్మకాయ పెడతావా, పెట్టవా? అడిగేశాను. తడుస్తున్నాను. తొందరగా చెప్పు!"

ఉత్తరాది యాస ఒక్కచోటైనా అడ్డం రాలేదు. అంతా యౌమాతే మాటే. నేను పుట్టి పెరిగిన వీధి మాటలతో నన్నింతగా ఎవరూ తిట్టలేదు, ఇంతగా ఎవరూ కోరుకోలేదు కూడా.

"పాస్" అంది ఓ గొంతు.

రోడ్డు అవతల హోటలు గుమ్మంలో బాస్ ఎడంచేత్తో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. పక్కన ఫోంగ్ అక్క, నా కోటుతో.

"పాసయ్యావమ్మా. ఆ తిట్లలో ఒక్క తప్పు లేదు" అన్నారు బాస్ దగ్గరికి వస్తూ. తర్వాత నావైపు తిరిగారు. "ఒరేయ్, మనిషిని తీసెయ్యాలంటే ఈ రోజుల్లో కోడి ఎందుకురా? నోటీసు ఇస్తే పోదా? మా నాన్న ఒకాయనకి ఆ ముక్క పెట్టాడు. తినలేక, వదల్లేక ఆయన కూర్చున్న తీరు చిన్నప్పుడు చూశాను. అందుకే నా బల్లమీద కోడి తల ఎప్పుడూ నావైపే ఉంటుంది. తిప్పింది ఇదిగో, ఈ మహాతల్లి."

"నాకు పుట్టగొడుగులు అందలేదు" అంది ఫోంగ్ అక్క, నా భుజాలమీద కోటు కప్పుతూ.

"మరి ఈమెని ఎందుకు పెట్టుకున్నారు సార్?"

"ఫోషాన్ వాళ్ళతో మాట్లాడటానికి. నీ మాండరిన్ వింటే ఫ్యాక్టరీవాళ్ళు ఫోను దూరంగా పెట్టుకుంటారట. వంటిళ్ళకి నువ్వు, ఫ్యాక్టరీలకి ఈ అమ్మాయి. కానీ ఇక్కడి మాట రానిదే ఇక్కడి పని తెలియదు, అందుకని నేర్పమన్నాను. బుట్టల తప్పు ఎవరిదో ఫ్యాక్టరీవాడే నాకు చెప్పాడురా. అయినా ఈ పిల్ల వచ్చి నాది నాది అంటుంటే, ఎవరు ఎవరికోసం పిల్లిని తింటారో చూద్దామని ఊరుకున్నాను. నువ్వు వచ్చి చెబుతావని కూడా చూశాను."

తలెత్తలేకపోయాను.

"సోమవారం పొద్దున ఆ పెద్ద బుట్టలన్నీ నువ్వే అమ్ముతావు. పద ఫోంగ్, సూప్ చల్లారిపోతోంది."

"ఆ అమ్మాయి అడిగినదానికి వీడేం చెబుతాడో విని వెళదాం" అంది ఫోంగ్ అక్క.

"అది ఆఫీసు పని కాదు" అని బాస్ ఆమెని లాక్కుపోయారు. మెట్లెక్కుతూ కూడా ఆవిడ వెనక్కి చూస్తూనే ఉంది.

రేకుకింద మేమిద్దరమే మిగిలాం. నా కోటు తీసి షుయాన్ భుజాలమీద వేశాను. చలి లేదని అంటుందనుకున్నాను, అనలేదు. దగ్గరికి లాక్కుని, ముక్కు ఎగబీల్చింది.

"జవాబు రాలేదు" అంది నేలకేసి చూస్తూ.

ఆమె చేతుల్లోంచి గిన్నె తీసుకున్నాను. కోడికాలు చల్లబడిపోయింది, గిన్నెలో వాననీళ్ళు చేరాయి. మా ఊళ్ళో జీతగాడెవడూ తనంతట తాను ముట్టని ముక్క అది. చేత్తో పట్టుకుని, అక్కడే, వీధిలో నిలబడి ఎముక దాకా తిన్నాను. ఆమె కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఎలా ఉంది?" అంది చివరికి, భయంభయంగా.

ఖాళీ గిన్నె ఆమె ముందుకి చాపాను.

"ఇంకో ముక్క పెడతావా?"